ఇంట్లో సరౌండ్ సంగీతం: ఆల్బమ్‌లో ఏముంది, గదిలో ఎంత మిగులుతుంది

రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం, పాలకొల్లు వంటి డెల్టా పట్టణాల్లో హాల్లో ఐదు స్పీకర్లు, మంద్ర స్వరాల కోసం ఒక సబ్‌వూఫర్ ఉన్న ఇళ్లు ఇప్పుడు అరుదు కావు. సినిమా చూసేటప్పుడు ఆ ఏర్పాటు ఎంతో కొంత తన పని తాను చేస్తుంది. పాటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది ఫోనును బ్లూటూత్‌తో కలిపి, ఐదు స్పీకర్లలోనూ పాట మోగుతుంటే అదే సరౌండ్ అనుకుంటారు. నిజానికి అప్పుడు ఆంప్లిఫయర్‌కు చేరుతున్నవి రెండు చానళ్లే, అంటే ఎడమ, కుడి అనే రెండు విడి ధ్వనులే. మిగిలిన స్పీకర్లు ఆ రెండింటినే మళ్లీ వినిపిస్తున్నాయి. ఒక ఆల్బమ్ ఇంట్లో మన చుట్టూ వినిపించాలంటే మూడు పనులు జరగాలి. ఆ ఆల్బమ్‌లోని గాత్రాన్ని, వాద్యాలను స్టూడియోలో అలా సర్ది కలిపి, అంటే మిక్స్ చేసి ఉండాలి, ఆ మిక్స్ మధ్యలో చెడకుండా మన స్పీకర్ల దాకా రావాలి, వచ్చినదాన్ని మన గది పాడుచేయకుండా ఉండాలి. స్పీకర్లు ఎన్ని అన్నది వీటి తరువాతి ప్రశ్న. డబ్బు మాత్రం ముందుగా దాని మీదే ఖర్చవుతోంది కాబట్టి, ఈ విషయాన్ని మొదటి నుంచి విడదీసి చెప్పుకోవడం అవసరమని నా అభిప్రాయం.

మనకు చెవులు రెండే అయినా శబ్దం ఎటునుంచి వస్తున్నదో మెదడు అన్ని దిక్కులలోనూ పోల్చుకోగలదు. కుడివైపు నుంచి వచ్చిన శబ్దం కుడి చెవికి ముందు చేరి, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సుమారు 0.7 మిల్లీసెకన్లకు మించదు, అయినా మెదడుకు అది చాలు. హెచ్చు స్థాయి స్వరాలకు తల అడ్డుపడుతుంది కాబట్టి అవి అవతలి చెవికి కొంత తగ్గి వినిపిస్తాయి. ముందు, వెనుక, పైన అనే తేడాలను మెదడు రెండు దారుల్లో గ్రహిస్తుంది: చెవి డొప్పలోని మడతలు శబ్దంలో తెచ్చే సూక్ష్మమైన మార్పుల ద్వారా, తలను కొద్దిగా తిప్పినప్పుడు ఆ మార్పులు మారే తీరు ద్వారా. 1931లో ఇంగ్లండులో ఈఎంఐ ఇంజినీరు అలాన్ బ్లూమ్‌లైన్ పేటెంటుకు దరఖాస్తు చేసిన స్టీరియో పద్ధతి ఈ రెండు చెవుల తేడా మీదే ఆధారపడింది. రెండు స్పీకర్ల నడుమ ఖాళీగా ఉన్న చోట గాయకుడు నిలబడి పాడుతున్నట్లు అది మనకు అనిపింపజేస్తుంది. అయితే ఆ అనుభూతి రెండు స్పీకర్ల మధ్య ఉన్న సుమారు 60 డిగ్రీల కోణానికే పరిమితం. మిగిలిన 300 డిగ్రీల నుంచి మనకు వినిపించేది మన గది గోడలే గాని ఆల్బమ్ కాదు.

సరౌండ్ వల్ల కలిగే మొదటి లాభం ఇక్కడే ఉంది. కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఒక సభలో కూర్చుని కచేరీ వింటున్నామనుకుందాం. వేదిక మీది వయొలిన్ నాదం నేరుగా మనకు చేరిన కొన్ని పదుల మిల్లీసెకన్లలోపే అదే నాదం పక్క గోడల మీద నుంచి, పైకప్పు మీద నుంచి, వెనుక గోడ మీద నుంచి తిరిగి వస్తుంది. మనం వాటిని విడిగా గుర్తించం. పక్కల నుంచి వచ్చే ఆ ప్రతిఫలనాల వల్లనే ఒక పెద్ద హాల్లో, నాదం మధ్యలో కూర్చున్నామన్న భావం కలుగుతుంది. స్టీరియో రికార్డింగులోనూ ఆ హాలు ఉంటుంది, కాని అది కూడా గాయకుడితో పాటు ముందువైపు నుంచే వస్తుంది. సరౌండ్ రికార్డింగులో హాలు నుంచి వచ్చిన ధ్వని పక్కల నుంచి, వెనుక నుంచి, అంటే అది అసలు వచ్చిన దిక్కుల నుంచే వస్తుంది. వెనుక స్పీకర్లలో ఒక్క వాద్యమూ విడిగా వినిపించకపోయినా, వాటిని ఆపేసిన క్షణంలో సభ అంతా ముడుచుకుపోయినట్లు తెలుస్తుంది. నేను సరౌండ్‌ను ఇష్టపడటానికి ప్రధాన కారణం ఇదే.

రెండో లాభం సినిమా పాటల వంటి నిండు వాద్యగోష్ఠిలో కనిపిస్తుంది. తబలా, డోలక్, వయొలిన్ల బృందం, వేణువు, గిటారు, కోరస్, గాత్రం అన్నీ ముందున్న ఇరుకైన కోణంలోనే ఇమడవలసి వచ్చినప్పుడు ఒకటి మరొకదాన్ని కప్పేస్తుంది. దాన్ని తప్పించడానికి ఇంజినీరు ఒక్కో వాద్యం నుంచి కొన్ని స్వరాంశాలను కోసి, మరికొన్నింటిని పెంచి సర్దుతాడు. అవే వాద్యాలు వేర్వేరు దిక్కుల నుంచి వచ్చినప్పుడు చెవి వాటిని సులభంగా విడదీసుకుంటుంది. కోరస్‌లో రెండో గొంతు ఏ స్వరం పట్టుకుందో స్టీరియోలో తెలియనిది ఇక్కడ తెలుస్తుంది.

దీనివల్లే సరౌండ్ మిక్సింగులో రెండు భిన్నమైన ఆలోచనలు పుట్టాయి. మొదటిది శ్రోతను సభలో కూర్చోబెడుతుంది. సంగీతం ముందు ఉంటుంది, హాలు చుట్టూ ఉంటుంది. రెండోది శ్రోతను వాద్యకారుల మధ్యలో నిలబెడుతుంది. రెండోది కృత్రిమమని కొందరు అంటారు గాని, కోనసీమవాసి అలా అనుకోనక్కరలేదు. కనుమ నాడు అంబాజీపేట మండలం జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు ఒక్కచోట చేరినప్పుడు ఒక పక్క నుంచి సన్నాయి, మరో పక్క నుంచి డప్పులు, వెనుక నుంచి ఇంకో ఊరి మేళం వినిపిస్తాయి. అక్కడ వేదిక లేదు, ముందు వరుస లేదు, సంగీతం మధ్యలో మనిషి నిలబడతాడు. త్యాగరాజ కృతికి మొదటి పద్ధతి నప్పుతుంది, తీర్థంలో మేళానికి రెండోది నప్పుతుంది. గాత్రాన్ని కూడా వెనుకకు తిప్పే మిక్సులను మాత్రం నేను ఎక్కువసేపు వినలేను. పాడే మనిషి ఎదురుగా ఉండాలని మనసు కోరుకుంటుంది.

ఈ ప్రయత్నం కొత్తదేమీ కాదు. 1970ల తొలి ఏళ్లలోనే నాలుగు చానళ్ల క్వాడ్రాఫోనిక్ రికార్డులు అమెరికా, జపాన్, ఐరోపా మార్కెట్లలోకి వచ్చాయి. ఎస్‌క్యూ, క్యూఎస్, సీడీ-4 అనే పద్ధతులు ఒకదానితో ఒకటి కలవకపోవడం, మొదటి రెండింటిలో చానళ్లు ఒకదానిలోకి మరొకటి కారిపోవడం, మూడోదానికి ప్రత్యేకమైన సూది, డీకోడర్ కావలసి రావడం వంటి కారణాల వల్ల ఆ దశాబ్దం ముగిసేలోపే అవి కనుమరుగయ్యాయి. 1999లో సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చిన సూపర్ ఆడియో సీడీ, 2000లో వచ్చిన డీవీడీ-ఆడియో మళ్లీ ఇలాగే పోటీ పడ్డాయి. వాటి మీద అద్భుతమైన సరౌండ్ ఆల్బమ్‌లు వచ్చినా, జనం అప్పటికే ఎంపీ3 వైపు తిరిగారు. పరిస్థితిని మార్చినది స్ట్రీమింగ్. సినిమా హాళ్లకు 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ అనే సరౌండ్ పద్ధతి 2019 నాటికి సంగీత సేవల్లో అడుగుపెట్టింది. 2021 జూన్ నుంచి ఆపిల్ మ్యూజిక్ దాన్ని అదనపు రుసుము లేకుండా అందిస్తోంది. ఇటీవలి తెలుగు సినిమా పాటల్లోనూ కొన్ని ఇప్పుడు అట్మాస్ మిక్సులో దొరుకుతున్నాయి. డిస్కు కోసం విదేశాలకు ఆర్డరు పెట్టనక్కరలేకుండా రాజోలులో కూర్చుని ఒక సరౌండ్ ఆల్బమ్ వినగలగడం ఈ కొద్ది సంవత్సరాల సంగతి.

ఇక సరౌండ్ సెట్ల మీద కనిపించే అంకెలు. 5.1 అంటే ముందు ఎడమ, మధ్య, కుడి, వెనుక ఎడమ, వెనుక కుడి అనే ఐదు పూర్తి చానళ్లు, లోతైన మంద్ర ధ్వనుల కోసం మాత్రమే ఉన్న ఒక చానల్. ఆ ఒక్క చానల్ సుమారు 120 హెర్ట్జ్‌ల (సెకనుకు 120 కంపనాల) దాకానే ఉంటుంది కాబట్టి దాన్ని పూర్తి ఒకటిగా లెక్కించక 0.1 అన్నారు. ఆ చానల్ వేరు, ఇంట్లో ఉన్న సబ్‌వూఫర్ వేరు. ఎన్నో సంగీత మిక్సుల్లో ఆ చానల్ దాదాపు ఖాళీగానే ఉంటుంది, ఎందుకంటే అది సినిమాల్లో పేలుళ్ల కోసం పుట్టింది. అయినా సబ్‌వూఫర్ మోగుతుంది. చిన్న స్పీకర్లు పలికించలేని మంద్ర స్వరాలను, సాధారణంగా 80 హెర్ట్జ్‌ల కింద ఉన్నవాటిని, రిసీవర్ (స్పీకర్లన్నిటికీ ధ్వనిని పంచే ఆంప్లిఫయర్ పెట్టె) ఏరి దానికి పంపుతుంది. రిసీవర్ అమరికలో స్పీకర్లు చిన్నవని చెప్పకపోతే మృదంగం ఎడమ వైపు గుమికి, బాస్ గిటారు అడుగు స్వరాలు ఎక్కడా వినిపించకుండా పోతాయి. దుకాణంలో ఎంత ఖరీదైన సెట్టు కొన్నా ఈ ఒక్క అమరిక తప్పితే సంగీతం పలచబడిపోతుంది.

5.1.2, 7.1.4 వంటి అంకెల్లో చివరిది పైన అమర్చే స్పీకర్ల సంఖ్య. అట్మాస్‌లో అసలైన మార్పు అది కాదు. పాత పద్ధతిలో ఇంజినీరు ఫలానా ధ్వని ఫలానా చానల్‌లోకి వెళ్లాలని ముందే తేల్చేవాడు. అట్మాస్‌లో కొన్ని ధ్వనులను ‘ఇది గదిలో ఈ స్థానంలో ఉండాలి’ అన్న సమాచారంతో కలిపి పంపుతారు. ఇంట్లో ఉన్న రిసీవర్ తన దగ్గర ఎన్ని స్పీకర్లు ఉన్నాయో చూసుకుని వాటికి తగ్గట్లు పంచుతుంది. అందువల్ల పైన స్పీకర్లు లేని సాధారణ 5.1 అమరికలోనూ, అట్మాస్ తెలిసిన రిసీవర్ ఉంటే, ఆ ఆల్బమ్ చక్కగానే వినిపిస్తుంది. సంగీతం వరకు పై స్పీకర్ల కంటే సమానమైన నాణ్యత గల ఐదు స్పీకర్లు ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. సినిమాకు వెనుక స్పీకర్లు చిన్నవైనా సరిపోతుంది, ఆల్బమ్‌లో మాత్రం వీణ మొత్తంగా వెనుక నుంచే రావచ్చు.

ఎక్కువమంది ఇళ్లలో సరౌండ్ ఆగిపోయేది దారిలోనే. బ్లూటూత్‌లో సంగీతానికి వాడే మామూలు పద్ధతి రెండు చానళ్లనే మోస్తుంది, ఫోను నుంచి వచ్చే ఆక్స్ తీగ కూడా అంతే. టీవీ వెనుక ఉండే ఆప్టికల్ తీగ పాత డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1లను మోయగలదు గాని, స్ట్రీమింగ్ సేవలు అట్మాస్‌ను పంపే డాల్బీ డిజిటల్ ప్లస్‌ను మోయలేదు. దానికి హెచ్‌డీఎంఐ ఆర్క్, అంటే టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలోనే రిసీవర్‌కు తిప్పి పంపే ఏర్పాటు కావాలి. బ్లూరే డిస్కులో ఏమాత్రం కుదించకుండా ఉన్న ట్రూహెచ్‌డీ అట్మాస్‌ను టీవీ మీదుగా రిసీవర్‌కు పంపాలంటే దాని మెరుగైన రూపమైన ఈఆర్క్ ఉండాలి. తీగలన్నీ సరిగా ఉన్నా, టీవీ సౌండ్ అమరికలో డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎమ్ అని ఉంటే చాలా టీవీలు అంతా కలిపి రెండు చానళ్లుగా చేసి పంపుతాయి. దాన్ని పాస్‌త్రూ లేదా బిట్‌స్ట్రీమ్‌కు (వచ్చినదాన్ని వచ్చినట్లే పంపే అమరికకు) మార్చి, రిసీవర్ ముఖం మీద అట్మాస్ అన్న అక్షరాలు వెలుగుతున్నాయో లేదో చూడాలి. అవి కనిపించనంత వరకు ఆల్బమ్ ఇంకా ఇంటికి చేరనట్లే లెక్క.

అక్షరాలు వెలిగినంత మాత్రాన లోపల ఉన్నది నిజమని కూడా కాదు. వీడియో వేదికల్లో పాత పాటలకు 5.1 అనో, 8డీ అనో పేరు పెట్టి ఉంచేవి లెక్కలేనన్ని ఉన్నాయి. 8డీ అంటే రెండు చానళ్ల పాటకు కొంత ప్రతిధ్వని చేర్చి, దాన్ని ఎడమకు కుడికి తిప్పడమే. రిసీవర్లలో ఉండే డాల్బీ సరౌండ్, న్యూరల్ ఎక్స్ వంటివి వేరే సంగతి. అవి స్టీరియోలో రెండు చానళ్ల మధ్య ఉన్న తేడాలను లెక్కగట్టి, హాలు ధ్వనిలా కనిపించిన భాగాన్ని వెనుకకు పంపుతాయి. మంచి కచేరీ రికార్డింగు మీద వాటి ఫలితం కొన్నిసార్లు ఎంతో హాయిగా ఉంటుంది. అయినా అది ఊహే. ఒకే చానల్‌తో చేసిన మోనో రికార్డింగులో రెండు చానళ్ల మధ్య తేడా అనేదే ఉండదు కాబట్టి వాటికి పట్టుకునే ఆధారమే దొరకదు. రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళీకృష్ణ తొలినాటి మోనో రికార్డింగులనైనా, ఒకే మైకు చుట్టూ గాయకులు, వాద్యకారులు నిలబడి పాడిన ఆనాటి సినిమా పాటలనైనా ఉన్నవి ఉన్నట్లుగా వినడమే వాటికి మనం చేసే మర్యాద. ఇప్పుడు కంప్యూటర్ సాయంతో గాత్రాన్ని, వాద్యాలను వేరుచేసి కొత్తగా సరౌండ్ చేస్తున్నారు. అలా విడదీసినప్పుడు గొంతు అంచులు చెదిరిపోవడం శ్రద్ధగా వినేవారికి తెలిసిపోతుంది.

మూడోది గది, అన్నిటికంటే కష్టమైనదీ అదే. మన ప్రాంతంలో ఇప్పుడు కడుతున్న ఇళ్లలో స్లాబు, నున్నటి ప్లాస్టరు గోడలు, నేల మీద టైల్సో గ్రానైటో ఉంటాయి. ఇవన్నీ శబ్దాన్ని పీల్చుకోకుండా తిప్పికొడతాయి. గదిలో శబ్దం అణగడానికి పట్టే సమయం గురించి హార్వర్డ్‌లో భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సాబిన్ కనుగొన్న సూత్రంతో లెక్కిద్దాం. 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది ఘనపరిమాణం సుమారు 51 ఘనపు మీటర్లు, లోపలి ఉపరితలం సుమారు 84 చదరపు మీటర్లు. ఆ ఉపరితలం తన మీద పడిన శబ్దంలో నూటికి మూడు వంతులే పీల్చుకుంటుందనుకుంటే, సామాను లేని ఆ గదిలో శబ్దం పూర్తిగా అణగడానికి మూడు సెకన్లకు పైగా పడుతుంది. ఆల్బమ్‌లోని హాలు రెండు సెకన్లది అయితే దాన్ని మన గదిలోని మూడు సెకన్లు మింగేస్తాయి. వెనుక స్పీకర్లు ఎంత సున్నితంగా పలికినా ఆ గోలలో కలిసిపోతాయి. అదే గదిలో శబ్దాన్ని బాగా పీల్చుకునే పది చదరపు మీటర్ల పదార్థం చేర్చితే ఆ సమయం ఒక సెకను లోపలికి దిగుతుంది. సోఫాలు, మందపాటి తెరలు, పుస్తకాల బీరువాలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. గది అర సెకను దగ్గరికి వస్తే ఆల్బమ్‌లోని హాలు వినిపించడం మొదలవుతుంది.

ఆ పదార్థం కోసం దూరం వెళ్లనక్కరలేదు. కొబ్బరి పీచు, బూరుగుదూది రెండూ లోపల సన్నని గాలి సందులున్న పదార్థాలే, శబ్దాన్ని పట్టుకోవడానికి కావలసిన లక్షణం అదే. నాలుగంగుళాల పీచు పరుపును గుడ్డతో కప్పి, గోడకు రెండు మూడంగుళాలు ఎడంగా నిలబెడితే మధ్య, హెచ్చు స్థాయి ధ్వనులను బాగా తగ్గిస్తుంది. పలచని పీచు చాప గోడకు అంటించినంత మాత్రాన హెచ్చు స్వరాలు మాత్రమే తగ్గి, గది బొంగురుగా తయారవుతుంది కాబట్టి మందం విషయంలో రాజీపడకూడదు. పీచు నిప్పును తొందరగా అందుకుంటుంది, ప్లగ్గులకు, దీపాలకు దూరంగా ఉంచాలి. పాత పెంకుటిళ్లు ఈ విషయంలో అదృష్టం చేసుకున్నవి. వాలుగా ఉన్న పైకప్పు, దూలాలు, వాసాలు శబ్దాన్ని ఒకే దారిలో కాక పలు దిక్కులకు చెదరగొడతాయి. మండువా లోగిళ్లలో కొంత శబ్దం ఆకాశంలోకే పోతుంది. అటువంటి ఇల్లు ఇంకా నిలిచి ఉన్నవారు మండువాకు ఆనుకుని ఉన్న గదిని సంగీతానికి కేటాయించుకోవచ్చు.

మంద్ర స్వరాల కథ వేరు, వాటిని పరుపులు ఆపలేవు. ఎదురెదురు గోడల మధ్య 12 అడుగులుంటే సుమారు 47 హెర్ట్జ్‌ల దగ్గర ఆ గది స్వయంగా మోగుతుంది. ఒక చోట ఆ స్వరం గుమ్మరించినట్లు ఉంటుంది, మరో చోట దాదాపు మాయమవుతుంది. సబ్‌వూఫర్‌ను తాత్కాలికంగా మనం కూర్చునే చోట ఉంచి, తెలిసిన పాట పెట్టి, గోడల వెంట వంగి నడుస్తూ ఎక్కడ మంద్రం సమంగా వినిపిస్తుందో అక్కడ దాన్ని స్థిరపరచడం అన్నిటికంటే తేలికైన ఉపాయం.

స్పీకర్ల స్థానాల విషయంలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫార్సు సంగీతానికి ఇప్పటికీ మంచి ఆధారం. మధ్య స్పీకర్ ఎదురుగా, ముందు రెండూ చెరో 30 డిగ్రీల దగ్గర, వెనుక రెండూ 100 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే చెవులకు కొద్దిగా వెనుకగా, అన్నీ మనిషికి సమాన దూరంలో ఉండాలి. మన హాళ్లలో సోఫా వెనుక గోడకు ఆని ఉంటుంది, వెనుక స్పీకర్లు పైకప్పు మూలల్లో వేలాడుతుంటాయి. సోఫాను మూడడుగులు ముందుకు జరిపి, స్పీకర్లను చెవి ఎత్తుకు దించడం వల్ల కలిగే మార్పు కొత్త స్పీకర్లు కొన్నా కలగదు. సమాన దూరం కుదరనప్పుడు రిసీవర్‌లో దూరాలను టేపుతో కొలిచి నమోదు చేయాలి. శబ్దం ఒక అడుగు నడవడానికి సుమారు 0.9 మిల్లీసెకను పడుతుంది. ఒక స్పీకర్ మిగతావాటికంటే ఆరడుగులు దగ్గరగా ఉంటే దాని శబ్దం ఐదు మిల్లీసెకన్లకు పైగా ముందు వస్తుంది. ముందుగా చేరిన శబ్దం వైపే మెదడు దిక్కును అంటగడుతుంది కాబట్టి పాట మొత్తం ఆ స్పీకర్‌లోకి లాగేసినట్లు ఉంటుంది. రిసీవర్ దగ్గరి స్పీకర్‌ను ఆ మేరకు ఆలస్యం చేస్తుంది. తరువాత పరీక్ష ధ్వని పెట్టి, ఫోనులోని ధ్వని కొలిచే యాప్‌తోనైనా ఐదింటినీ ఒకే స్థాయికి తేవాలి.

గదిలో మిగిలిన రొద కూడా లెక్కలోకి వస్తుంది. సరౌండ్‌లో హాలు ధ్వని చాలా మెల్లగా ఉంటుంది. మన ఉక్కపోతలో పూర్తి వేగంతో తిరిగే సీలింగ్ ఫ్యాను దాన్ని సులభంగా కప్పేస్తుంది. భీమవరం వైపు చెరువు గట్ల దగ్గర ఇళ్లున్నవారికి రాత్రంతా ఏరేటర్ల (చెరువు నీటికి గాలి అందించే యంత్రాల) శబ్దం ఉంటుంది. ఆ దిక్కు కిటికీ సందులు మూసి, ఫ్యాను తగ్గించి వినే ఒక గంట, మామూలుగా వినే నాలుగు గంటలకంటే ఎక్కువ ఇస్తుంది. తేమ మరో శత్రువు. స్పీకర్ కోను చుట్టూ ఫోము అంచు ఉన్నవి మన వాతావరణంలో త్వరగా పొడిపొడిగా రాలిపోతాయి, రబ్బరు అంచు ఉన్నవే కొనాలి. నరసాపురం, అంతర్వేది వంటి ఉప్పుగాలి తగిలే చోట్ల తీగల చివర్లు నల్లబడతాయి, ఏడాదికి ఒకసారైనా విప్పి శుభ్రం చేయాలి.

స్పీకర్లు పెట్టే వీలు లేనివారికి హెడ్‌ఫోన్లలో అట్మాస్ వినే మార్గం ఉంది. మామూలు చెవి ఆకృతి ఆధారంగా దిక్కుల తేడాలను లెక్కించి రెండు చానళ్లలోకి మారుస్తారు. ఎవరి చెవి డొప్ప వారిది కాబట్టి ఒకరికి వెనుక వినిపించినది మరొకరికి తల లోపల వినిపిస్తుంది. ఇది విని నచ్చలేదని సరౌండ్ సంగీతాన్నే తోసిపుచ్చడం న్యాయం కాదు.

ఆల్బమ్‌ల విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. కొన్ని అట్మాస్ మిక్సులు శ్రద్ధగా నెలల తరబడి చేసినవి, కొన్ని గడువుకు అందించడానికి హడావుడిగా చేసినవి. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ స్టీరియో రికార్డింగులో ఉన్న జీవం కొన్ని కొత్త అట్మాస్ ఆల్బమ్‌లలో నాకు కనిపించలేదు. ఏది మెరుగో తేల్చుకునేటప్పుడు ఒక సాంకేతిక అంశం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. అట్మాస్ సంగీతానికి డాల్బీ నిర్ణయించిన సగటు స్థాయి మైనస్ 18 ఎల్‌కేఎఫ్‌ఎస్‌కు (పాట ఎంత బిగ్గరగా ఉందో కొలిచే ప్రమాణం) మించకూడదు. నేటి స్టీరియో సినిమా పాటలు సాధారణంగా దానికంటే ఎంతో పెద్దగా ఉంటాయి. పెద్దగా ఉన్నది మన చెవికి మెరుగైనదిగా తోస్తుంది. కాబట్టి ఒకే పాటను రెండు రకాలుగా పోల్చేటప్పుడు అట్మాస్‌కు వాల్యూమ్ పెంచి, ఫోనులోని యాప్‌లో గాత్రం స్థాయి రెండింటిలో సమానంగా చూపేదాకా సర్దుకుని, ఆ తరువాతే వినడం మొదలుపెట్టాలి.